ఎవరి మరణం ఏ పేజీలో?

ప్రశ్న: వికీపీడియాలో ఆరు నెలలుగా రాస్తున్నాను. ఈ ఏడాది పేజీలో 'మరణాలు' విభాగం చూసుకునే పని నా మీద పడింది. మొన్న ఎనభై రెండేళ్ల రంగస్థల నటి ఒకామె చనిపోతే పేరు చేర్చాను. ఆమెకు వ్యాసం లేదని గంటలోనే తీసేశారు. అదే రోజు పోయిన ఒక ఫుట్‌బాల్ ఆటగాడి పేరు మాత్రం ఉంచారు. అతని వ్యాసం మొత్తం మూడు వాక్యాలు. ఆ వారంలోనే ఒక పడవ ప్రమాదంలో పోయిన ఇరవై ముగ్గురి పేర్లనూ మరో సభ్యుడు వరసగా చేర్చాడు. నేను తొలగిస్తే "చావులో కూడా పెద్దాచిన్నా చూస్తారా, మీకు మనసు లేదా" అని చర్చా పేజీలో రాశాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఎవరి మరణం ఉండాలి, ఎవరిది అక్కర్లేదు అన్నది ఏ లెక్కన తేల్చాలి?

సమాధానం:

ఒకే ప్రశ్న అడిగాననుకున్నారు గానీ మీ ఉత్తరంలో నాలుగున్నాయి. ఆ మనిషి మీద వ్యాసం ఉండాలా? ఆ నెల మరణాల జాబితాలో పేరుండాలా? సంవత్సరం పేజీలోనో తేదీ పేజీలోనో ఉండాలా? మొదటి పేజీలో కనబడాలా? ఈ నాలుగు చోట్లకీ గడప ఎత్తు ఒక్కటే అనుకోవడం వల్లే మరణాల విభాగాల్లో సగం గొడవలు పుడతాయి. "ఈయన అంత గొప్పవాడా" అని ఎవరైనా మొదలుపెడితే, "ఏ పేజీ కోసం అడుగుతున్నారు" అని ముందు అడగండి. చాలా వాదనలు అక్కడే చల్లబడతాయి.

ముందుగా వ్యాసం సంగతి. తక్కినవి దాదాపు దాని మీదే ఆధారపడతాయి. వికీపీడియాలో మనిషికి వ్యాసం వచ్చేది బతికిన బతుకును బట్టి. స్వతంత్రమైన, నమ్మదగిన మూలాలు ఆ మనిషి గురించి విపులంగా రాశాయా అన్నదే కొలత. విషయ ప్రాముఖ్యత అనేది దీన్నే. ఆచరణలో ఇలా చూడండి. కుటుంబం చెప్పింది, పనిచేసిన సంస్థ చెప్పింది, ఆ మనిషి తన గురించి తాను చెప్పుకున్నది పక్కన పెట్టేయండి. మిగిలినదాంతో పుట్టుక, చదువు, చేసిన పని, ఆ పనిని ఇతరులు ఎలా అంచనా కట్టారు అన్నవి నాలుగు పేరాలు రాయగలిగితే వ్యాసం నిలుస్తుంది. రెండు వాక్యాలకే సరుకు అయిపోతే నిలవదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మంచి మూలాలు రెండో మూడో ఉంటే, తొలగింపు చర్చకు వెళ్లినా మామూలుగా గట్టెక్కుతుంది.

మరణం ఈ అర్హతను పుట్టించదు. అయితే అర్హతకు సాక్ష్యాన్ని చాలాసార్లు బయటికి తెస్తుంది. నలభై ఏళ్లపాటు ఎక్కడో ఒక సమీక్షలో ఒక్క పంక్తిగా ఉండిపోయిన మనిషి గురించి, పోయిన వారంలో పత్రికలో అరపేజీ జీవితకథ వస్తుంది. అందుకే సంస్మరణ కథనాన్ని చదివి దాని రకం పోల్చుకోవడం మీ పనిలో అన్నిటికన్నా విలువైన నేర్పు. డబ్బు కట్టి వేయించిన ప్రకటనలో ఫొటో, అంత్యక్రియల వేళ, బంధువుల పేర్ల వరస, కింద ఫోన్ నంబరు ఉంటాయి. రాసింది ఇంటివాళ్లే కాబట్టి అది ప్రాముఖ్యతకు సాక్ష్యం కాదు. తేదీ సరిచూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. వార్తాసంస్థ కథనం పది పత్రికల్లో రావచ్చు. వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి, అన్నీ ఒకే అచ్చు. పదిచోట్ల వచ్చినా అది ఒక్క మూలమే. మూడోది పత్రిక విలేఖరి స్వయంగా విచారించి రాసింది. దానికి రాసినవారి పేరుంటుంది, పాత సహచరులతో మాట్లాడిన జాడ ఉంటుంది, ఫలానా ఏడాది ఫలానా పని అన్న వివరం ఉంటుంది. ముఖ్యంగా ఆ మనిషి పనిలో లోటు కూడా ఒకటో రెండో కనబడుతుంది. మొత్తం పొగడ్తే అయితే, అది ఎవరో పంపిన ప్రకటనను యథాతథంగా వేసినదేమోనని అనుమానించాలి.

సంస్మరణలనే పూర్తిగా నమ్ముకున్నా పొరపాటే. న్యూయార్క్ టైమ్స్ 2018 మార్చిలో 'ఓవర్‌లుక్డ్' అనే శీర్షిక మొదలుపెట్టింది. 1851 నుంచి తాము ప్రచురించిన సంస్మరణల్లో అత్యధికం తెల్లజాతి మగవాళ్లవేనని ఒప్పుకుని, అప్పట్లో వదిలేసినవారి గురించి ఇప్పుడు రాయడం దాని ఉద్దేశం. పత్రిక వదిలేసినవారిని మనమూ వదిలేస్తే ఆ లోటు వికీపీడియాకూ దిగుమతి అవుతుంది. 2015లో మహిళల మీద వ్యాసాలు పెంచే 'విమెన్ ఇన్ రెడ్' ప్రాజెక్టు మొదలైనప్పుడు ఇంగ్లీషు వికీపీడియా జీవిత చరిత్రల్లో మహిళలవి నూటికి పదిహేను దాకా మాత్రమే ఉన్నాయి. కాబట్టి మీ నటికి పెద్ద పత్రికలో సంస్మరణ రాలేదని అక్కడితో ఆగకండి. ఆమె వేషం కట్టిన రోజుల నాటి నాటక సమీక్షలు, రంగస్థల చరిత్ర పుస్తకాల చివర పేర్ల సూచిక, పురస్కారం ఇచ్చిన సంస్థ ఆ ఏడాది వేసిన సంచిక, గ్రంథాలయాల్లో ఉన్న పాత పత్రికలు చూడండి. ఇంటర్నెట్‌లో లేని మూలం కూడా మూలమే. పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య ఇస్తే చాలు.

ఇక ఆ ఫుట్‌బాల్ ఆటగాడు. మీకు కష్టం కలిగించింది అతనే అనిపిస్తోంది, అందులో న్యాయం ఉంది. ఇంగ్లీషు వికీపీడియాలో చాలాకాలం, పూర్తిస్థాయి వృత్తి లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడినా ఫుట్‌బాల్ ఆటగాడికి ప్రాముఖ్యత ఉన్నట్టే భావించేవారు. గణాంకాల సైట్ల నుంచి పేరు, జట్టు, ఆడిన మ్యాచ్‌లు ఎత్తి మూడు వాక్యాల వ్యాసాలు వేలకొద్దీ వచ్చి పడ్డాయి. అక్కడి నుంచి అనువాదాలుగా ఇతర భాషలకూ పాకాయి. 2022లో పెద్ద చర్చ జరిగి, 'ఆడాడు కాబట్టి అర్హుడు' అనే ప్రమాణాలను తొలగించారు. గణాంకాల పట్టిక చాలదు, ఆటగాడి గురించి విపులంగా రాసిన మూలం కనీసం ఒకటైనా వ్యాసంలో ఉండాలన్నారు. మీ దగ్గరున్న వ్యాసం ఆ పాత పంటలోది కావచ్చు. దానికి మూలాలు వెతకండి. దొరక్కపోతే విడిగా, దాని మంచిచెడ్డల మీదే తొలగింపు చర్చ పెట్టండి. నటి పేరు తీసేశారన్న కోపంతో అదే రోజు పెట్టకండి. అతన్ని తీసేసినంత మాత్రాన ఆమె వచ్చి చేరదు.

నెలవారీ మరణాల జాబితాకి గడప చాలా తక్కువ ఎత్తు. అది ఎంపిక కాదు, నమోదు. ఇంగ్లీషు వికీపీడియాలో అక్కడ వ్యాసం లేని మనిషి పేరునూ ఎర్రలింకుగా, అంటే ఇంకా లేని పేజీకి లింకుగా, చేర్చవచ్చు. నెలలోగా ఎవరైనా వ్యాసం రాస్తే పేరు ఉంటుంది, లేకపోతే తొలగిస్తారు. చాలా తెలివైన ఏర్పాటు ఇది. చనిపోయిన మనిషికి అర్హత ఉందో లేదో అరగంటలో తేల్చే అవసరం తప్పుతుంది, ఎర్రలింకు చూసి రాయగలిగినవాళ్లు ముందుకొస్తారు. తేదీ కింద ఇంటిపేరు అక్షరక్రమంలో పేరు, వయసు, దేశం, దేనికి పేరుపొందారు, తెలిస్తే కారణం, చివర మూలం. 'దేనికి పేరుపొందారు' అన్నచోట రెండు మూడు మాటలకు మించకూడదు. 'ప్రఖ్యాత', 'మహా' లాంటి విశేషణాలు ఒక్కటి కూడా వద్దు. ఒకరికి 'ప్రఖ్యాత' తగిలించగానే పక్కపేరు చిన్నబోతుంది, అక్కడినుంచి అందరికీ తగిలించడం మొదలవుతుంది.

మీ భాషా వికీలో ఇలాంటి నెలవారీ జాబితా లేదనుకుంటాను. ఉంటే ఆ నటి పేరు మీద గంటలో యుద్ధం జరిగేది కాదు. నమోదు, ఎంపిక రెండు పనులనూ ఒకే సంవత్సరం పేజీ నెత్తిన పెట్టారు. ముందు దాన్ని విడదీయమని ప్రతిపాదించండి. నెలకో పేజీ పెట్టేంతమంది లేకపోతే ఏడాదికి ఒక్క జాబితా పేజీ చాలు.

సంవత్సరం పేజీ దగ్గరే అసలైన కష్టం. ఏ కొలతా పూర్తిగా సరిపోదు. ఇంగ్లీషు వికీపీడియా కొన్నేళ్లు ఇతర భాషల్లో ఆ మనిషికి ఎన్ని వ్యాసాలున్నాయో లెక్కపెట్టి, ఒక సంఖ్య దాటితే చేర్చుకునేది. చూడటానికి నిష్పాక్షికంగా ఉంటుంది. కానీ పట్టికల నుంచి సులువుగా తయారయ్యే ఆటగాళ్ల వ్యాసాలు చాలా భాషల్లో ఉంటాయి. ఒక్క భాషలోనే జీవితమంతా రాసిన కవికో, ఒక దేశ న్యాయవ్యవస్థను మార్చిన న్యాయమూర్తికో అవి ఉండవు. పైగా మరణవార్త రాగానే అభిమానులు కూర్చుని ఐదారు భాషల్లో రెండేసి వాక్యాల మొలకలు నాటేయగలరు. అందుకే లెక్కపెట్టాలనుకుంటే మరణానికి ముందురోజు నాటికి ఉన్నవే లెక్కపెట్టాలి. పేజీ వీక్షణల లెక్క అంతకన్నా బలహీనం. చిన్న వయసులో, హఠాత్తుగా పోయినవారి పేజీని జనం ఎగబడి చూస్తారు. అది దిగ్భ్రాంతికి కొలత. చర్చా పేజీలో ఓటింగ్ పెడితే అభిమాన సంఘం పెద్దదైనవాడే గెలుస్తాడు.

మా సలహా ఇది. భాషల సంఖ్యను తలుపుగా వాడకండి, హెచ్చరిక గంటగా వాడండి. ఇరవై భాషల్లో వ్యాసమున్న పేరు మీ జాబితాలో లేకపోతే ఒకసారి ఆగి ఎందుకు లేదో చూసుకోవాలి, అంతే. నిర్ణయం మాత్రం ఒక ప్రశ్న మీద నిలబెట్టండి: ఆ రంగం గురించి పదేళ్ల తర్వాత ఎవరైనా చరిత్ర రాస్తే ఈ మనిషి పేరు లేకుండా రాయగలరా? దీనికి జవాబుగా సొంత అభిప్రాయం సరిపోదు, మూలం చూపించాలి. ఆ రంగపు చరిత్ర పుస్తకంలోనో, పాఠ్యగ్రంథంలోనో, విజ్ఞాన సర్వస్వంలోనో ఇప్పటికే ఆ పేరుందా అని. రెండోది, తొందర వద్దు. నెల పొడుగునా ప్రతిపాదనలను చర్చా పేజీలో ఒకచోట చేర్చి, నెల ముగిశాక ఒక వారంలో కలిపి చూడండి. నలభై పేర్లు పక్కపక్కన ఉన్నప్పుడు వక్రత కంటికి కనబడుతుంది. ముప్పైమంది సినిమావాళ్లు, ముగ్గురు శాస్త్రవేత్తలు, ఒక్క స్త్రీ ఉంటే మీ జల్లెడలోనే ఎక్కడో చిల్లుందని అర్థం. ఒక్కో పేరును ఒక్కో రోజు చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు. నెలకు పది పదిహేను పేర్లు దాటితే సంవత్సరం పేజీ చదవడానికి వీలుగా ఉండదు. అది మనసులో పెట్టుకోండి గానీ, పదహారో పేరును సంఖ్య కోసం తోసేయకండి. ప్రమాణాలు ఎవరూ చనిపోని రోజున రాసుకోవాలి. అభిమానమున్న మనిషి పోయిన రోజున నియమం రాస్తే అది ఆ మనిషి కొలతలకే కుట్టిన చొక్కా అవుతుంది.

తేదీ పేజీలకు, అంటే 'ఏప్రిల్ 23' లాంటివాటికి, నియమం తేలిక: వ్యాసం ఉండాలి, ఆ తేదీకి నేరుగా మూలం ఉండాలి. ఎర్రలింకులు వద్దు. చిక్కు పాత మరణాలతో వస్తుంది. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న పోయారని తరచు రాస్తుంటారు. ఇంగ్లండులో అప్పటికి జూలియన్ కేలండరే, స్పెయిన్‌లో గ్రెగోరియన్. రెంటికీ పది రోజుల తేడా. పైగా సెర్వాంటెస్ పోయింది 22న, 23 ఖననం జరిగిన రోజు. టాల్‌స్టాయ్ మరణం పాత లెక్కలో 1910 నవంబరు 7, కొత్త లెక్కలో నవంబరు 20. రష్యా 1918 దాకా పాత కేలండరులోనే ఉంది. మూలం ఏ కేలండరులో చెప్పిందో చూడకుండా ఎక్కిస్తే ఒకే మనిషి రెండు తేదీ పేజీల్లో రెండుసార్లు చనిపోతాడు. కనిపించకుండా పోయినవారితోనూ ఇంతే. విమాన చోదకురాలు అమీలియా ఎయర్‌హార్ట్ 1937 జూలై 2న అదృశ్యమైంది, చట్టప్రకారం మరణించినట్టు ప్రకటించింది 1939 జనవరి 5న. రెంటిలో ఏది వాడినా అదేమిటో పక్కన మాటల్లో రాయాలి. 'ఈ తేదీన మరణం ప్రకటించారు', 'ఈ తేదీన మృతదేహం దొరికింది' అన్న చిన్న వివరణలు అందుకే ఉన్నాయి.

మొదటి పేజీ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. ఇంగ్లీషు వికీపీడియాలో 2016 నుంచి 'ఇటీవలి మరణాలు' వరసకు ప్రాముఖ్యత మీద వాదించడం మానేశారు. సొంత వ్యాసముంటే చాలు, చూసేది వ్యాసం నాణ్యత మాత్రమే. మరణవార్త వచ్చి ఏడు రోజులు దాటితే అవకాశం పోతుంది. ఎక్కువ పేర్లు ఆగిపోయేది ఒక్క కారణంతో: నటించిన చిత్రాల పట్టికకో, పురస్కారాల జాబితాకో మూలాలు లేకపోవడం. వృద్ధ కళాకారుల వ్యాసాల్లో ఆ పట్టికలకు ఇప్పుడే మూలాలు చేర్చి పెట్టడం మంచిపని. ఒకరి మరణానికి ప్రత్యేకంగా వాక్యం రాయాలా అన్నదాని మీద అక్కడ ఇప్పటికీ ప్రతిసారీ పెద్ద చర్చే. మరణమే పెద్ద వార్త అయినప్పుడో, తమ రంగాన్నే మార్చేసిన మనిషి అయినప్పుడో ఇస్తారు.

ఎక్కడ రాసినా, ముందు మనిషి నిజంగా పోయాడని తేలాలి. 2009 జనవరి 20న, ఒబామా ప్రమాణస్వీకారం రోజు విందులో అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ అస్వస్థతకు గురైతే, ఆయనా మరో సెనేటర్ రాబర్ట్ బర్డ్ కూడా చనిపోయారని వికీపీడియాలో రాసేశారు. ఉన్నది కొన్ని నిమిషాలే అయినా ప్రపంచమంతా చూసింది. కెనెడీ ఆ ఏడాది ఆగస్టు దాకా, బర్డ్ 2010 జూన్ దాకా బతికారు. పేరున్న మాధ్యమాలూ తప్పుతాయి. 2020 నవంబరులో ఒక ఫ్రెంచి రేడియో సంస్థ వెబ్‌సైటులో, సాఫ్ట్‌వేరు మార్పిడి సమయంలో, ముందే సిద్ధం చేసి ఉంచిన సుమారు వంద సంస్మరణలు బయటికొచ్చేశాయి. పెలే, ఎలిజబెత్ రాణి అప్పటికి బతికే ఉన్నారు. కాబట్టి ఎవరు ధ్రువీకరించారో కథనంలో వెతకండి. కుటుంబ సభ్యులా, ప్రతినిధా, ఆస్పత్రా, సంస్థా? ఆ మాట లేని కథనం ఒక్కటే ఉంటే ఆగండి. సామాజిక మాధ్యమంలో ఒక ప్రచురణకర్త పేరుతోనో మంత్రి పేరుతోనో కొత్తగా తెరిచిన ఖాతా నుంచి వచ్చిన మరణవార్తను ఎంత నమ్మదగ్గదిగా కనిపించినా వాడకూడదు. రచయితల మరణాలను సరిగ్గా ఈ పద్ధతిలోనే పుట్టించినవాళ్లున్నారు. మూలం దొరకని రోజుల్లో ఆ మనిషి బతికి ఉన్నట్టే లెక్క. ఇంగ్లీషు వికీపీడియా విధానం ప్రకారం, గత 115 ఏళ్లలో పుట్టిన ఎవరినైనా మరణం ధ్రువీకరణ అయ్యేదాకా జీవించి ఉన్నవారిగానే చూడాలి.

తిరుగుడు మూలం గురించీ ఒక మాట. మన వ్యాసం నుంచి ఎత్తిన కథనమే మళ్లీ మనకు మూలంగా రావడం అది. 2009 మార్చిలో సంగీత దర్శకుడు మారిస్ జార్ పోయిన వెంటనే, డబ్లిన్ విద్యార్థి ఒకరు ఆయన అన్నట్టుగా ఒక వాక్యం కల్పించి వికీపీడియాలో పెట్టాడు. మూలం లేదని వికీపీడియన్లు దాన్ని తొలగించారు గానీ, ఆలోపే పెద్దపెద్ద పత్రికల సంస్మరణల్లోకి ఎక్కిపోయింది. ఆ విద్యార్థి స్వయంగా చెప్పేదాకా వాళ్లకు తెలియలేదు. అదే పత్రికల కథనాలను మూలంగా చూపి ఆ వాక్యాన్ని మళ్లీ వ్యాసంలో పెట్టి ఉంటే? మరణం తర్వాత వచ్చిన కథనంలోని ఏ వివరమైనా మన వ్యాసంలో ముందునుంచే ఉండి, దానికి మూలం లేకపోతే, ఆ కథనాన్ని దానికి మూలంగా వాడకండి. పేజీ చరిత్ర తెరిచి ఎప్పుడు, ఎవరు చేర్చారో చూడండి.

వయసు లెక్క చిన్నదే గానీ తరచు తప్పుతుంది. 2020 మార్చి 10న 82వ ఏట కాకుండా 82 ఏళ్లు నిండి పోయారని మూలం అంటే, పుట్టింది 1937 మార్చి 11కీ 1938 మార్చి 10కీ మధ్య. తీసివేత చేసి 1938 అని రాసేయకండి, '1937 లేదా 1938' అనండి. మరణం ఎక్కించేటప్పుడు మొదటి వాక్యంలో కాలం, సమాచార పెట్టెలో తేదీ, 'జీవిస్తున్న ప్రజలు' వర్గం తీసి ఆ ఏటి మరణాల వర్గం చేర్చడం, అన్ని భాషల వికీలకూ ఉమ్మడి సమాచార నిలయమైన వికీడేటాలో మరణ తేదీ (పి570) మూలంతో సహా ఇవ్వడం, అన్నీ ఒకే విడతలో ముగించండి. ఒకచోట పోయి, ఇంకోచోట బతికి ఉన్న మనుషులు వికీల్లో చాలామంది ఉన్నారు.

మరణ కారణం దగ్గర ఇంకా జాగ్రత్త. 'కొంతకాలంగా అస్వస్థత' అన్నది కారణం కాదు. మూలం స్పష్టంగా చెప్పకపోతే ఆ గడి ఖాళీగా వదలండి. ఆత్మహత్య అని రాయాలంటే అధికారిక నిర్ధారణో, కుటుంబం బహిరంగంగా చెప్పినదో ఉండాలి. పద్ధతిని వర్ణించకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాధ్యమాలకిచ్చిన సూచనల్లో ఇది ముఖ్యమైనది, మనకూ అంతే వర్తిస్తుంది. బతికున్నవారి విషయంలో పాటించే కఠిన నియమాలు మరణంతో ఆగిపోవు. ఇటీవల పోయినవారికీ, ముఖ్యంగా వారి కుటుంబాలకు నొప్పి కలిగించే విషయాల్లో, ఆరు నెలలో ఏడాదో, గరిష్ఠంగా రెండేళ్లో వాటిని కొనసాగించవచ్చని విధానమే చెబుతోంది.

ఇప్పుడు పడవ ప్రమాదం. ఆ సభ్యుడి మాటలో బాధ ఉంది, దాన్ని తోసేయకూడదు. వికీపీడియా ఈ ప్రశ్నను పుట్టిన ఏడాదే ఎదుర్కొంది. 2001 జనవరిలో మొదలైంది. ఆ సెప్టెంబరు 11న అమెరికా మీద జరిగిన ఉగ్రదాడుల్లో 2,977 మంది చనిపోయారు. చనిపోయినవారి మీద ఒక్కొక్కరికీ వ్యాసాలు రాయడం మొదలుపెట్టారు. రాసినవారి ఉద్దేశంలో తప్పేమీ లేదు. కానీ ఆ వ్యాసాలకు దొరికే మూలం ఒకే రోజు చుట్టూ ఉంటుంది. పుట్టుక, కుటుంబం, ఇష్టాయిష్టాలు, అన్నీ ఆత్మీయులు దుఃఖంలో చెప్పినవే. వాటిని సరిచూడడం, 'దీనికి మూలమేది' అని హెచ్చరిక పట్టీ తగిలించడం ఎవరి చేతా కాదు, చేయడం న్యాయం కూడా కాదు. చివరికి వాటిని విడిగా ఒక స్మారక వికీకి తరలించారు, కొన్నేళ్లకు అదీ మూతపడింది. వికీపీడియా స్మారక స్థలం కాదన్న నియమం నిర్దయ వల్ల వచ్చింది కాదు. స్మారకంలో రాసిన మాటను ఎవరూ దిద్దకూడదు. వికీలో రాసిన ప్రతి మాటనూ ఎవరైనా దిద్దవచ్చు. పోయిన బిడ్డ గురించి తల్లి రాసిన వాక్యం మీద తొలగింపు చర్చ జరగడం కన్నా క్రూరమైనది ఇంకేముంది?

మరి ఆ ఇరవై ముగ్గురి స్థానం ఎక్కడ? ప్రమాదం మీద రాసే వ్యాసంలో. ఎంతమంది, ఎక్కడివారు, పిల్లలెంతమంది, పడవ ఎంతమందికి సరిపోయేది, ఎంతమంది ఎక్కారు, ప్రాణరక్షక కవచాలు ఉన్నాయా, విచారణలో ఏం తేలింది, తర్వాత ఏ నియమం మారింది అన్నవి అక్కడ వివరంగా రావాలి. సంవత్సరం పేజీలో అది 'సంఘటనలు' కింద ఒక పంక్తి. 2014 జూలై 17న కూలిన మలేసియా విమానం ఎంహెచ్17 మీది వ్యాసం చూడండి. 298 మంది మృతుల్లో 193 మంది నెదర్లాండ్స్ వారని దేశాలవారీ పట్టిక ఉంటుంది. పేరుతో ప్రస్తావించింది యూప్ లాంగ లాంటి, ఆ విమానం ఎక్కకముందే ఎయిడ్స్ పరిశోధనలో పేరుపొందినవారిని. పూర్తి పేర్ల జాబితా అధికారికంగా ఎక్కడైనా ఉంటే బయటి లింకుగా ఇవ్వవచ్చు.

ఒక్కోసారి అంతవరకూ ఎవరికీ తెలియని మనిషి మరణమే చరిత్ర అవుతుంది. 2015 సెప్టెంబరు 2న సముద్రతీరంలో దొరికిన సిరియా పసివాడు అలన్ కుర్ది మీద వ్యాసం ఉంది, దాని పేరు 'అలన్ కుర్ది మరణం'. రెండేళ్ల బిడ్డకు జీవిత చరిత్ర రాయలేం, ఆ మరణం కదిలించినదాన్ని రాయగలం. ట్యునీషియాలో ఒంటికి నిప్పంటించుకుని 2011 జనవరి 4న పోయిన వీధి వ్యాపారి మొహమ్మద్ బువాజీజీ బతుకును మాత్రం ఎన్నో మూలాలు తవ్వి రాశాయి కాబట్టి ఆయన పేరు మీదే వ్యాసం నిలిచింది. మీ ప్రమాదంలో ఎవరి గురించైనా నెలల తర్వాత కూడా రాస్తూనే ఉంటే, ఇదే కొలతతో మళ్లీ చూడండి.

ఆ సభ్యుడికి చర్చా పేజీలో ఇలా రాయండి: "పేర్లు తొలగించింది నేనే. ఈ విభాగం సొంత వ్యాసం ఉన్నవారి సూచిక మాత్రమే. ఈ ప్రమాదానికి వ్యాసం లేదు, అది తప్పక ఉండాలి. పేజీ మొదలుపెట్టి మృతుల సంఖ్య, విచారణ వివరాలు రెండు మూలాలతో చేర్చాను. పడవ సామర్థ్యం, గతంలో జరిగిన ప్రమాదాల వివరాలు మీరు చూడగలరా?" ఇది రాసేముందు ఆ పేజీని నిజంగా మొదలుపెట్టి ఉండాలి. అతనికి ఆ ప్రమాదంలో సొంతవాళ్లెవరైనా పోయారేమో మీకు తెలియదు. అడగకండి, కానీ ఉండి ఉండవచ్చన్న ఎరుకతో రాయండి.

నటి విషయంలో, ఇప్పుడే సంవత్సరం పేజీలో మళ్లీ చేర్చి దిద్దుబాటు యుద్ధం చేయకండి. మీ వాడుకరి పేజీ కింద ప్రయోగశాలలో చిత్తుప్రతి మొదలుపెట్టండి. సంస్మరణ కథనంలోని వాక్యాలు ఎత్తి రాయకండి, దానికి కాపీహక్కు ఉంటుంది. మూడు మూలాలు కుదిరాక ప్రధాన బరిలోకి, అంటే అసలు వ్యాసాలుండే చోటికి, తరలించి, నెలాఖరు ప్రతిపాదనల్లో పేరు పెట్టండి. ఇప్పుడు మూలాలు దొరక్కపోతే చిత్తుప్రతిని అలాగే ఉంచండి. ఫొటోగ్రాఫర్ వివియన్ మాయర్ 2009 ఏప్రిల్‌లో పోయేనాటికి ఆమె తీసిన ఛాయాచిత్రాలు వేలంలో కొన్న కొద్దిమందికి తప్ప పెద్దగా ఎవరికీ తెలియవు. ఆ రోజున ఆమె పేరు ఏ జాబితాలోకీ వచ్చేది కాదు. ఇప్పుడు 2009 మరణాల్లో ఉంది. మీ నటి మీద రేపెవరైనా పరిశోధన పుస్తకం వేస్తే, ఆ రోజున మీరు గానీ మీ తర్వాత ఆ పేజీ చూసుకునేవారు గానీ ఈ ఏడాది పేజీ తెరిచి, తేదీ కింద ఒక్క పంక్తి చేర్చవచ్చు. అందుకు పనికొచ్చేలా, ఇప్పుడు మీ చేతిలో ఉన్న పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య చిత్తుప్రతి చర్చా పేజీలో రాసి పెట్టండి.